బాధ్యత ఇస్తే పిల్లలు నిలబెడతారు.. స్కౌట్స్ అలా పుట్టింది!

మెడలో స్కార్ఫ్, మూడు వేళ్ల సెల్యూట్.. స్కూళ్లలో కనిపించే స్కౌట్స్ వెనకున్నది ఓ సైనికుడు. పేరు రాబర్ట్ బేడెన్ పావెల్. 1857 ఫిబ్రవరి 22న లండన్‌లో పుట్టారు. మూడేళ్ల వయసులోనే తండ్రి చనిపోయారు. 19 ఏళ్లకే ఆర్మీలో చేరి ఇండియా వచ్చారు.

1899లో దక్షిణాఫ్రికాలో ఆయన కాపాడుతున్న మాఫెకింగ్ పట్టణాన్ని బోయర్ సైన్యం చుట్టుముట్టింది. 217 రోజుల ముట్టడి! మనుషులు చాలక, కబుర్లు చేరవేసే పని అక్కడి అబ్బాయిలకు అప్పగించారు. ఫిరంగి గుండ్లు పడుతున్నా సైకిళ్లపై వెళ్లి పని పూర్తి చేశారు. నమ్మి బాధ్యత ఇస్తే పిల్లలు నిలబెడతారని పావెల్‌కు అప్పుడే అర్థమైంది.

1907లో ఇంగ్లాండ్‌లోని బ్రౌన్‌సీ దీవిలో సుమారు 20 మందితో తొలి క్యాంప్ పెట్టారు. డబ్బున్నోళ్ల పిల్లలు, కార్మికుల పిల్లలు కలిసే ఉన్నారు. ముడులు వేయడం, వంట, ప్రాణాలు కాపాడటం నేర్చుకున్నారు. అమ్మాయిలూ పట్టుబట్టడంతో 1910లో గర్ల్ గైడ్స్ వచ్చింది.

కానీ ఇండియాలో మొదట మన పిల్లలనే చేర్చుకోలేదు. దాంతో 1917లో మద్రాసులో అనీబిసెంట్ విడిగా సంఘం పెట్టారు. 1921లో పావెల్ ఇక్కడికి వచ్చాకే తలుపులు తెరుచుకున్నాయి.

1941 జనవరి 8న కెన్యాలో ఆయన కన్నుమూశారు. సమాధి రాయిపై ఓ వలయం, మధ్యలో చుక్క. స్కౌట్ల దారి గుర్తుల్లో దానర్థం.. ఇంటికి వెళ్లిపోయానని.