యల్లాప్రగడ సుబ్బారావు - మా అమ్మ మాత్రలు

పది తప్పిన చెల్లెళ్లకు ముందుగా ఒక మాట. యల్లాప్రగడ సుబ్బారావు గారు మెట్రిక్యులేషన్ గట్టెక్కింది మూడోసారి!

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. పేద కుటుంబం. కాశీకి పారిపోబోతే తల్లి వెంకమ్మ గారు వెనక్కి తెచ్చి బడికి పంపారు. ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే పేగుల జబ్బుతో కొద్దిరోజుల తేడాలో చనిపోయారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు గౌను వేసుకున్నందుకు సర్జరీ ప్రొఫెసరుకు కోపం వచ్చింది. ఎం.బి.బి.ఎస్. బదులు చిన్న డిగ్రీ ఎల్.ఎం.ఎస్. చేతికొచ్చింది.

తర్వాత అమెరికా వెళ్లి, ఆసుపత్రిలో రాత్రి పని చేస్తూ హార్వర్డులో చదివారు. 1940లో లెడర్లీ కంపెనీలో చేరారు. అక్కడే ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌నూ, బోదకాలు మందునూ తయారుచేసింది. ఇండియాలో వదిలి వెళ్లిన భార్య శేషగిరి గారిని మాత్రం మళ్లీ చూడలేదు. ఆ ఒక్క విషయంలో నేనాయన్ని మెచ్చుకోలేను.

నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఆరియోమైసిన్ గురించి. పెన్సిలిన్‌కు లొంగని క్రిములు చాలా ఉండేవి. సుబ్బారావు గారి ఆధ్వర్యంలో, డెబ్బై దాటిన వృక్షశాస్త్రవేత్త డగ్గర్ ఎన్నో చోట్ల మట్టి తెప్పించి వెతికారు. మిస్సోరిలోని ఒక పొలం మట్టిలో బంగారు రంగు సూక్ష్మజీవి దొరికింది. దాన్నుంచి వచ్చిన ఈ మందు 1948లో లోకానికి తెలిసింది. టెట్రాసైక్లిన్ జాతిలో మొదటిది ఇదే. క్రిమి ప్రొటీన్లు తయారుచేసుకోకుండా అడ్డుపడుతుంది. మన కణాల్లో దాక్కునే క్లమీడియా కూడా ఈ జాతి మందులకు లొంగుతుంది. ఆ ఆగస్టులోనే, 53 ఏళ్లకు, సుబ్బారావు గారు నిద్రలోనే గుండె ఆగి పోయారు.

ఇక మా ఇంటి సంగతి, అమ్మను అడిగే రాస్తున్నాను. మాది నెల్లూరు జిల్లాలో సముద్రం ఒడ్డు ఊరు. అమ్మ రొయ్యల పనికి పోయేది. పొత్తికడుపు నొప్పి, తెల్లబట్ట ఏళ్లతరబడి ఎవరికీ చెప్పలేదు. ఊళ్లో ఆరెంపీ ఇచ్చిన మాత్రలు నొప్పి తగ్గగానే ఆపేసింది. నేను ఎమ్మెస్సీ మైక్రోబయాలజీలో చేరాక బలవంతంగా లేడీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. గర్భసంచి, ట్యూబుల్లో ఇన్ఫెక్షన్ అన్నారు. వదిలేస్తే ట్యూబులు మూసుకుపోతాయట. ఒక సూది వేసి, 14 రోజులకు డాక్సీసైక్లిన్, మెట్రోనిడజోల్ రాశారు. డాక్సీసైక్లిన్ ఆరియోమైసిన్ జాతిదే. చీటీ చూసి నాకు సుబ్బారావు గారే గుర్తొచ్చారు. గర్భంతో ఉన్నవాళ్లకు మామూలుగా ఇవ్వరు, అందుకే డాక్టరు ముందు ఆ సంగతే అడిగారు.

నాన్నకు కూడా మందు రాశారు. లేకపోతే అమ్మకు మళ్లీ అంటుకోవచ్చన్నారు. నాకేం రోగమని నాన్న అరిచాడు. మూడు రోజులు అన్నం దగ్గర ఎవరం మాట్లాడుకోలేదు. నాలుగో రోజు అడగకుండానే మాత్ర వేసుకున్నాడు. అమ్మ పద్నాలుగు రోజులూ వేసుకుని ఖాళీ అట్ట నాకు చూపించింది.