దేహమునకు పద్దు వ్రాసిన గాంధీజీ

ఆదోని ప్రత్తి బజారుకు తూకము ప్రాణము. ఎమ్మిగనూరు మగ్గమునకు పోగుల లెక్క ప్రాణము. నేడు ఆ ఊళ్లలోను మనుష్యుడు తన దేహమునకు కూడ లెక్క వ్రాసికొనుచున్నాడు. రక్తపు పోటును, చక్కెరను ఇంటనే కొలుచుకొని ఆ అంకెల చీటీతో వైద్యుని కడకు పోవుచున్నాడు. ఇంట యంత్రములు లేని కాలముననే తన ఒడలిని ఇట్లు పరీక్షకు పెట్టినవారు మహాత్మా గాంధీ.

1869 అక్టోబరు 2వ తేదీన పోరుబందరులో జన్మించిన గాంధీజీ, లండనులో న్యాయవిద్యార్థిగా ఉన్ననాడే ఆహారముపై ప్రయోగములు మొదలిడిరి. మసాలాలు మానిరి, ఒకప్పుడు పిండిపదార్థములను సైతము వదలిరి. ఏది తినిన ఒడలు ఎట్లున్నదో గమనించుట నిత్యకృత్యమయ్యెను. ఈ పరిశీలన ఆయనను వైద్యులకు చేరువ చేయలేదు సరికదా, దూరమే చేసెను. మందు దొరకునన్న ధైర్యమే మనుజుని అమితభోజనమునకు పురికొల్పునని 1909లో హింద్ స్వరాజ్‌లో వాదించిరి. అందు కొంత నిజము లేకపోలేదు.

కాని దేహము వాదములు వినదు. 1918లో గ్రహణి వ్యాధి ఆయనను మృత్యువు అంచుదాక కొనిపోయెను. పాలు త్రాగనని వ్రతము పట్టిన ఆయన కస్తూరిబా మాటపై మేకపాలకు అంగీకరించిరి. 1924 జనవరి 12న, యెరవాడ ఖైదీగా ఉండగా, పూనా సాసూన్ ఆసుపత్రిలో కర్నల్ మ్యాడక్ ఆయనకు అపెండిసైటిస్ శస్త్రచికిత్స చేసెను. నడుమ విద్యుద్దీపము ఆరిపోగా లాంతరు వెలుతురులో పని ముగించిరి. తాము నిందించిన శాస్త్రమే, తాము ఎదిరించిన ప్రభుత్వపు వైద్యుని చేతిమీదుగా, ప్రాణము నిలిపెను.

పిదప రక్తపు పోటు వచ్చెను. 1937 అక్టోబరు 26న 194/130. 1940 ఫిబ్రవరి 19న 220/110. ఈ అంకెలు విన్నవారెవరైనను మంచము పట్టుదురు. గాంధీజీ నడక మానలేదు.

కఠినపరీక్ష 1944లో వచ్చెను. ఆగాఖాన్ సౌధమున నిర్బంధములో కస్తూరిబా మృత్యుముఖమున ఉండగా, కుమారుడు దేవదాసు విమానముమీద పెన్సిలిన్ తెప్పించెను. మాటిమాటికి సూదులు పొడువవలసియుండునని తెలిసి గాంధీజీ వలదనిరి. ఫిబ్రవరి 22న ఆమె కన్నుమూసెను. అప్పటికే ఆమె స్థితి ఆశ దాటినదన్నది నిజమే. అయినను, ఆపై కొలది కాలమునకే తమకు మలేరియా సోకగా ఆయన క్వినైను పుచ్చుకొనిరి. ఈ రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచినవారికి మనసు కలుక్కుమనక మానదు. మహాత్ముడనినంత మాత్రమున ఆ ప్రశ్న సమసిపోదు.

1948 జనవరి 30న ఆయన అసువులు బాసిరి. 2019లో భారత వైద్య పరిశోధనా మండలి ఆయన ఆరోగ్యపత్రములను గ్రంథముగా వెలువరించినది. అందు ఆయన ఎత్తు 165 సెంటీమీటర్లు, బరువు 46.7 కిలోలు.