మస్టర్ రోల్‌లో పేరు లేని రోగులు: శంకర్ గుహ నియోగి జీవితంలో ఓ ఆస్పత్రి

భిలాయి టౌన్‌షిప్‌లోని సెక్టర్ 4 లాంటి చోట క్వార్టరు దొరికిన ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే ఎక్కడికి వెళ్లాలన్న బెంగ ఉండదు. సెక్టర్ 9లో స్టీల్ ప్లాంటు సొంత ఆస్పత్రి ఉంది. ఉద్యోగి పేరు మీద ఇంటిల్లిపాదికీ వైద్యం అందుతుంది. ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు. క్వార్టరు, బడి, ఆస్పత్రి... ఈ మూడూ ఉద్యోగంతో పాటే వచ్చేవి. అదే ప్లాంటుకు ఇనుప ఖనిజం పంపే దల్లీ రాజహరా గనుల్లో రాయి కొట్టి, తట్టల్లో మోసి, లారీలకు ఎత్తిన వేలాది మందికి మాత్రం ఈ మూడూ లేవు. ఖనిజం ఒకటే, కొలిమి ఒకటే. హాజరు పట్టీలో పేరు కంపెనీ కింద ఉందా, కాంట్రాక్టరు కింద ఉందా అన్నదే తేడా. ఈ తేడా రోగి మంచం దాకా ఎందుకు రావాలని నిలదీసిన మనిషి శంకర్ గుహ నియోగి.

పేరు చూసి మనవాడేనని పొరబడే తెలుగువాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆయన బెంగాలీ. 1943లో పుట్టారు, జల్పాయిగురిలో చదువుకున్నారు. అసలు పేరు ధీరేశ్. 1960ల మొదట్లో పని వెతుక్కుంటూ భిలాయి వచ్చి ప్లాంటులో కోక్ ఓవెన్ విభాగంలో చేరారు. అంటే ఒకప్పుడు ఆయన కూడా ఆ పర్మినెంటు ప్రపంచంలోని మనిషే. కార్మికులను కూడగట్టినందుకు ఆ దశాబ్దం ముగిసేలోపే ఉద్యోగం పోయింది. ఆ తర్వాత పేరు మార్చుకుని ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో తిరిగారు, రకరకాల కూలి పనులు చేశారు. దానీటోలా క్వార్ట్‌జైట్ గనుల్లో పనిచేస్తూ అక్కడి కార్మికురాలు ఆశను పెళ్లి చేసుకున్నారు. ఎమర్జెన్సీలో మీసా కింద జైలుకు వెళ్లారు.

1977లో జైలు నుంచి బయటికి వచ్చేసరికి దల్లీ రాజహరా ఉడికిపోతోంది. అప్పటిదాకా ఉన్న పెద్ద యూనియన్లు యాజమాన్యంతో కుదుర్చుకున్న బోనస్ ఒప్పందంలో పర్మినెంటు వాళ్లకు ఒక లెక్క, కాంట్రాక్టు కూలీలకు అంతకన్నా బాగా తక్కువ లెక్క పెట్టారు. కూలీలు ఆ యూనియన్లను వదిలేసి సొంతంగా ఛత్తీస్‌గఢ్ మైన్స్ శ్రామిక్ సంఘ్ పెట్టుకున్నారు. నాయకత్వానికి నియోగిని పిలిచారు. వానాకాలానికి ముందు గుడిసెలు బాగుచేసుకోడానికి వెదుళ్లకూ వాసాలకూ కాస్త డబ్బు ఇవ్వాలన్నది వాళ్ల మొదటి కోరికల్లో ఒకటి. ఇంత చిన్న కోరిక మీద మొదలైన గొడవ జూన్ 2 రాత్రి నియోగి అరెస్టుకు, దాన్ని అడ్డుకున్న కార్మికుల మీద కాల్పులకు దారితీసింది. జూన్ 2, 3 తేదీల్లో 11 మంది చనిపోయారు. వారిలో అనసూయాబాయి అనే కార్మికురాలు, సుదామా అనే బాలుడు ఉన్నారు.

కాల్పులు జరిగిన కొద్ది ఏళ్లకే యూనియన్‌కు మరో చావు ఎదురైంది. ఈసారి తూటా లేదు. యూనియన్ ఉపాధ్యక్షురాలు కుసుమ్‌బాయి కాన్పు కష్టమై, సరైన వైద్యం అందక కన్నుమూశారు. ఊళ్లో ప్లాంటు వారి ఆస్పత్రి ఉండి కూడా ఈ చావు తప్పలేదన్నది కార్మికుల ఆవేదన. ఆ ఆస్పత్రి తలుపులు కాంట్రాక్టు కూలీలకు అంత సులువుగా తెరుచుకునేవి కావు. తెరుచుకున్నా పర్మినెంటు వాళ్లను చూసినట్టు చూసేవాళ్లు కారు. కార్మికులు వేల సంఖ్యలో ఆస్పత్రి ముందు చేరారు. ఆ కోపంలో ఏమైనా జరగవచ్చు. ఏమీ జరగలేదు. అద్దం పగల్లేదు, డాక్టరు మీద చెయ్యి పడలేదు. మరే తల్లికీ ఈ గతి పట్టకుండా మన ఆస్పత్రి మనమే కట్టుకుందామన్న నిర్ణయంతో వెనుదిరిగారు. ఆస్పత్రుల మీద దాడులను ఆపడానికి 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రత్యేక చట్టమే తేవాల్సి వచ్చింది. ఆ చట్టం తెలిసిన మనకు దల్లీ రాజహరా గుంపు నిగ్రహం చిన్న విషయంగా తోచదు.

కుసుమ్‌బాయి లాంటి కార్మికురాలికి అప్పట్లో చట్టం ఏమిచ్చిందో ఒకసారి చూడాలి. కార్మికుల వైద్యానికి దేశంలో ఉన్న పెద్ద ఏర్పాటు 1948 నాటి ఈఎస్ఐ చట్టం. అది ఫ్యాక్టరీలకు వర్తించేది. ఆ చట్టంలో ఫ్యాక్టరీ నిర్వచనం గనులను బయట పెట్టింది. 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టం కాంట్రాక్టరు మీద మోపిన వైద్య బాధ్యత ప్రథమ చికిత్స పెట్టె దగ్గర ఆగిపోయింది. దూది, కట్టు గుడ్డ, అయోడిన్ లాంటివన్నమాట. ఇక 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం గనుల్లో పనిచేసే ఆడవాళ్లకు వర్తించేది. కాన్పుకు ముందు, తర్వాత ఉచిత వైద్యం ఏర్పాటు చేయని యజమాని వైద్య బోనస్ ఇవ్వాలని అది చెప్పింది. ఆ బోనస్ 25 రూపాయలు. 1988లో సవరించి 250 చేసేదాకా అదే రేటు. అంటే యజమాని ఒక తల్లి ప్రాణం పట్ల తన బాధ్యతను 25 రూపాయలతో చెల్లు చేసుకునే వీలుండేది. కంపెనీ డాక్టరు చెడ్డవాడా మంచివాడా అన్నది ఇక్కడ రెండో ప్రశ్న. ఎవరిని చూడాల్సిన బాధ్యత ఆయనకు ఉందో ముందే ఒక గుమాస్తా పట్టీలో రాసి పెట్టాడు.

నియోగి ఈ పట్టీని రెండు వైపుల నుంచి పట్టుకున్నారు. పర్మినెంటు వాళ్లతో సమానంగా చూడాలని కంపెనీ మీద పోరాటం ఒకవైపు. అది గెలిచేదాకా మనుషులు చచ్చిపోతూ ఉండకూడదు కాబట్టి కట్టుకోవడం రెండోవైపు. పోరాటం, నిర్మాణం జంటగా నడవాలన్నది ఆయన రాజకీయమంతటికీ ఇరుసు. యూనియన్ అంటే ఎనిమిది గంటల పని గురించి మాత్రమే మాట్లాడేది కాదని, మిగతా పదహారు గంటల బతుకూ దాని పనేనని ఆయన నమ్మారు. బడులు పెట్టారు, సారా మీద పెద్ద ఉద్యమం నడిపారు. మందు మానిన ఇంట్లో మిగిలిన డబ్బు తిండికీ వైద్యానికీ వెళ్తుందన్న లెక్క ఆయనకు ఉంది. సారా కాంట్రాక్టర్లు ఆయనకు శత్రువులైంది కూడా ఈ లెక్కతోనే.

1981లో వీధుల శుభ్రతతో ఆరోగ్య ఉద్యమం మొదలైంది. మరుసటి ఏడాది యూనియన్ ఆఫీసు గ్యారేజీలో చిన్న డిస్పెన్సరీ తెరిచారు. వినాయక్ సేన్, ఆశిష్ కుండు, శైబల్ జానా వంటి యువ డాక్టర్లు వచ్చి చేరారు. పుణ్యబ్రత గుణ్ తర్వాత వచ్చారు. 1983 జూన్ 3న, కాల్పుల్లో చనిపోయినవారి పేరుతో, 15 పడకల శహీద్ ఆస్పత్రి మొదలైంది. ఇటుకలు మోసింది, గోడ లేపింది గని కార్మికులే. డ్యూటీ దిగి వచ్చి శ్రమదానం చేశారు. ప్రారంభించడానికి మంత్రిని పిలవలేదు. ఒక పాత గని కార్మికుడు, ఒక ముసలి రైతు కలిసి తలుపు తెరిచారు. కార్మికుల చందాలే పెట్టుబడి. బయటి నుంచి, ముఖ్యంగా విదేశీ సంస్థల నుంచి వచ్చే డబ్బు వద్దనుకున్నారు. డబ్బు ఎవరు పెడితే ఆస్పత్రి చివరికి వాళ్ల మాటే వింటుందన్న సంగతి కంపెనీ ఆస్పత్రిని చూసినవాళ్లకు ఒకరు చెప్పాలా?

ఆ గోడల మధ్య జరిగిన వైద్యం గురించి ఇంకొంచెం చెప్పుకోవాలి. కార్మికుల్లోంచే ఆరోగ్య కార్యకర్తలు తయారయ్యారు. పగలు గనిలో తట్ట మోసి సాయంత్రం ఆస్పత్రిలో కట్లు కట్టేవాళ్లు. నడిపే నిర్ణయాల్లో డాక్టర్లతో పాటు వాళ్లూ కూర్చునేవాళ్లు. సూది పడితేనే వైద్యం అనుకునే రోజులవి. నీళ్ల విరేచనాలకు సెలైన్ బాటిల్ వేలాడదీస్తే రోగికీ తృప్తి, క్లినిక్‌కీ ఆదాయం. ఉప్పు, పంచదార కలిపిన నీళ్లు చాలా కేసుల్లో సరిపోతాయని, అక్కర్లేని సూదులూ టానిక్కులూ జేబుకు చిల్లు పెట్టడమే కాక హాని కూడా చేస్తాయని ఈ ఆస్పత్రి జనానికి నచ్చచెప్పింది. 1975లోనే హాథీ కమిటీ 117 మందులుంటే దేశానికి ముఖ్యమైన అవసరాలు తీరుతాయని ప్రభుత్వానికి జాబితా ఇచ్చింది. ఆ నివేదిక ఢిల్లీ బీరువాల్లో ఉండగా దాని స్ఫూర్తి మారుమూల గనుల ఊళ్లో ఆచరణలోకి వచ్చింది. ఏ మందు ఎందుకు ఇస్తున్నారో రోగికి చెప్పడం డాక్టరు దయ అని కాక పని అని ఇక్కడ అనుకున్నారు. చట్టం ఆ మాటకు చేరుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది. రోగికి అర్థమయ్యేలా చెప్పి తీసుకున్న సమ్మతే సమ్మతి అని సుప్రీంకోర్టు సమీరా కోహ్లీ కేసులో వివరంగా చెప్పింది 2008లో.

నియోగిని మెచ్చుకునేవాళ్లు తప్పించుకోకూడని ప్రశ్న ఒకటి ఉంది. కార్మికులే ఆస్పత్రి కట్టుకుంటే కంపెనీకి బరువు దిగిపోయినట్టే కదా? ఖనిజం కంపెనీకి, ఖర్చు కూలీకి. ఈ వాదనలో పస ఉంది. కానీ బయట ఓ మంచి ఆస్పత్రి నడుస్తుంటే కంపెనీ ఆస్పత్రి తన అలసత్వాన్ని దాచుకోలేదు. దల్లీ రాజహరాలో పోలిక కళ్లెదుటే ఉండేది. చందాలతో నడిచే చోట కూలి మనిషికి మర్యాద దొరికితే, ప్రభుత్వ రంగ సంస్థ ఎందుకు ఇవ్వలేకపోతోందన్న ప్రశ్నకు జవాబు చెప్పడం కష్టం. నా మటుకు నాకు, ఆ ప్రశ్నను ఊళ్లో నిలబెట్టడం భవనం నిలబెట్టినంత పని అనిపిస్తుంది. అయినా లోటు లోటే. చందా కార్మికుల సంఖ్య మీద ఆధారపడుతుంది. గనుల్లో యంత్రాలు పెరిగి మనుషులు తగ్గుతారని నియోగి ముందే చూశారు. పూర్తి యాంత్రీకరణకు బదులు సగం యంత్రం, సగం మనిషి పద్ధతిని ప్రతిపాదించి కొంతకాలం నిలబెట్టారు కూడా.

1990లో ఆయన మళ్లీ భిలాయి వచ్చారు. ఈసారి పని ప్లాంటు చుట్టూ పెరిగిన ప్రైవేటు ఫ్యాక్టరీల్లో. అక్కడా పాత కథే. ఏళ్ల తరబడి ఒకే మిషను దగ్గర పనిచేసేవాడు కాగితం మీద తాత్కాలికుడు. పర్మినెంటు చేయాలని, బతకగలిగే జీతం ఇవ్వాలని అడిగినవాళ్ల మీద దాడులు జరిగాయి, ఉద్యోగాలు పోయాయి. 1991 మొదట్లో నియోగి మళ్లీ జైలుకు వెళ్లారు. సెప్టెంబరులో కార్మికులతో ఢిల్లీ వెళ్లి రాష్ట్రపతి ఆర్.వెంకట్రామన్‌కు విజ్ఞాపన ఇచ్చారు. తనను చంపే ప్రయత్నం జరుగుతోందని ఆయనకు తెలుసు. ఆ సంగతి రాసి పెట్టుకున్నారు, టేపులో రికార్డు కూడా చేశారు. 1991 సెప్టెంబరు 28 తెల్లవారుజామున, భిలాయి హుడ్కో కాలనీలోని ఇంట్లో నిద్రలో ఉండగా కిటికీ లోంచి కాల్చి చంపారు. అప్పటికి 48 ఏళ్లు. వైద్యాన్నీ హక్కులనూ కలిపి చూసినవారికి ఆ రోజుల్లో ఇలాంటి ముగింపు మనకూ తెలియనిది కాదు. పిల్లల డాక్టరు, పౌరహక్కుల నాయకుడు రామనాథాన్ని 1985 సెప్టెంబరు 3న ఓరుగల్లులో ఆయన క్లినిక్‌లోనే కాల్చేశారు.

హత్య కేసులో 1997లో దుర్గ్ సెషన్స్ కోర్టు కాల్చినవాడికి మరణశిక్ష, పారిశ్రామికవేత్తలతో సహా మరికొందరికి యావజ్జీవం వేసింది. మరుసటి ఏడాది హైకోర్టు అందరినీ వదిలేసింది. 2005 జనవరిలో సుప్రీంకోర్టు కాల్చినవాడికి ఒక్కడికే యావజ్జీవం ఖాయం చేసింది. ఈలోగా 1992 జులై 1న, నియోగి కోరికల మీదే భిలాయి పవర్‌హౌస్ దగ్గర రైలు పట్టాల మీద బైఠాయించిన కార్మికులపై పోలీసులు జరిపిన కాల్పుల్లో 16 మంది చనిపోయారు.

వైద్యం, చట్టం విషయంలో ఆయన వేసిన ప్రశ్నకు కోర్టులు తర్వాత సగం సగం జవాబులిచ్చాయి. 1995లో సుప్రీంకోర్టు కార్మికుడి ఆరోగ్యం జీవించే హక్కులో భాగమంది. అదే ఏడాది శాంతా కేసులో, ఉద్యోగ షరతుల్లో భాగంగా యజమాని ఖర్చు పెట్టే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని చెప్పింది. అంటే సెక్టర్ 4 క్వార్టరులోని ఉద్యోగి, తన చికిత్సలో పొరపాటు జరిగితే వినియోగదారుల కోర్టు మెట్లెక్కవచ్చు. ఆ ఉద్యోగ షరతులే లేని కూలీకి ఈ దారి వర్తించదు. 2001లో సాక్షాత్తూ స్టీల్ అథారిటీ పేరుతో ఉన్న కేసులో, కాంట్రాక్టు పద్ధతిని నిషేధించినంత మాత్రాన ఆ కార్మికులు దానంతటదే కంపెనీ ఉద్యోగులైపోరని అయిదుగురు జడ్జీల ధర్మాసనం తేల్చింది. పాత పట్టీ అలాగే ఉంది. 2014 నవంబరులో ఇదే ఛత్తీస్‌గఢ్‌లో, బిలాస్‌పూర్ దగ్గర ఒక్క పూట శిబిరంలో 83 మంది పేద ఆడవాళ్లకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. పదిమందికి పైగా చనిపోయారు. 2016లో సుప్రీంకోర్టు ఇలాంటి శిబిరాలను మూడేళ్లలో ఆపేయాలని చెప్పాల్సి వచ్చింది.

శహీద్ ఆస్పత్రి మాత్రం ఆగలేదు. పడకలు వందకు పైగా పెరిగాయి. గనిలో మనుషులు తగ్గడంతో చందాలు తగ్గి, రోగుల నుంచి తీసుకునే తక్కువ ఫీజుల మీద ఎక్కువగా నడవాల్సి వస్తోంది. చుట్టుపక్కల ఆదివాసీ పల్లెల వాళ్లే ఇప్పుడు ఎక్కువ. మొదటి డాక్టర్లలో ఒకరైన వినాయక్ సేన్ 2007లో అరెస్టయ్యారు, 2010లో రాజద్రోహం కింద శిక్ష పడింది, 2011లో బెయిల్ వచ్చింది. 1982 నుంచి ఆ ఊరు వదలని శైబల్ జానాను 2016 మార్చిలో పోలీసులు 1992 నాటి పట్టాల కేసులో పట్టుకెళ్లారు. బెయిల్ మీద వచ్చి ఆయన మళ్లీ ఓపీ చూడటం మొదలుపెట్టారు.