బహుమతి పుట్టకముందే గెలిచిన సావిత్రి

కొందరి పరుగు పూర్తయ్యాకగాని పందెం మొదలుకాదు. గడియారం పట్టుకొని గీత దగ్గర నిలబడేవాళ్ళు వచ్చేసరికి వాళ్ళు ఎప్పుడో గీత దాటేసి ఉంటారు. తెలుగు సినిమాలో సావిత్రి అటువంటి మనిషి.

సావిత్రికి జాతీయ ఉత్తమ నటి బహుమతి ఏ చిత్రానికి వచ్చిందని మన విద్యార్థులను అడిగి చూడండి. కొందరు 'దేవదాసు' అంటారు, కొందరు 'మాయాబజార్' అంటారు. ఎవరూ తడుముకోరు. నిజానికి ఏ చిత్రానికీ రాలేదు. అందుకు కారణం ఆమె నటన కాదు, కాలెండరు. ఆ కాలెండరును పక్కన పెట్టుకొని ఆమె జీవితాన్ని ఒకసారి చూద్దామని ఈ వ్యాసం. జరగని పోటీలను జరిగినట్టు ఊహించి, నాకు తోచిన తీర్పులు నేను చెబుతాను. మీ తీర్పులు మీకుంటాయి. సినిమా పిచ్చోడని మీరు అనుకున్నా నాకు అభ్యంతరం లేదు.

సావిత్రి గుంటూరు జిల్లా చిర్రావూరులో పుట్టింది. పసితనంలోనే తండ్రి పోయాడు. పెద్దమ్మ, పెదనాన్న కొమ్మారెడ్డి వెంకట్రామయ్యల అండన బెజవాడలో పెరిగింది. అక్కడే నాట్యం నేర్చుకుంది, నాటకాలాడింది. పదమూడేళ్ళ ప్రాయంలో కాకినాడలో ఆంధ్ర నాటక పరిషత్తు ఉత్సవాల్లో నటించి, పృథ్వీరాజ్ కపూర్ చేతులమీదుగా బహుమతి అందుకుంది. చూడండి చిత్రం! మన పరిషత్తుల్లో ఒక చిన్నపిల్ల నటనను గుర్తించి పిలిచి బహుమతి ఇచ్చే ఏర్పాటు అప్పటికే ఉంది. దేశం మొత్తానికి అటువంటి ఏర్పాటు రావడానికి ఇంకా రెండు దశాబ్దాలు పట్టింది.

మద్రాసు చేరాక దారి సులువుగా ఏమీ దొరకలేదు. 1950లో 'సంసారం'లో నాయిక వేషం వచ్చినట్టే వచ్చి జారిపోయి, చిన్న వేషం మిగిలింది. 1951లో 'పాతాళభైరవి'లో ఒక నాట్యం. 1952లో 'పెళ్ళి చేసి చూడు'లో రెండో నాయిక. 1953లో వేదాంతం రాఘవయ్య 'దేవదాసు' వచ్చింది. పార్వతితో సావిత్రి వచ్చింది.

నా మొదటి ఊహాపోటీ ఆ ఏడాదిదే. ఫిలింఫేర్ బహుమతులు 1954లో మొదలయ్యాయి, కానీ హిందీ చిత్రాలకే. మొట్టమొదటి ఉత్తమ నటి 'బైజూ బావరా'కు మీనాకుమారి. రెండో ఏడు కూడా ఆమే, 1953 నాటి 'పరిణీత'కు. 'పరిణీత' శరత్ బాబు నవల, 'దేవదాసు' శరత్ బాబు నవల. ఒకే రచయిత, ఒకే సంవత్సరం, ఇద్దరు కథానాయికలు. లలితకు బొంబాయిలో బహుమతి. పార్వతికి మద్రాసులో ఆ ప్రస్తావనే లేదు. ముసలి జమీందారు ఇంట్లో అడుగుపెట్టిన పార్వతి ఒక్కరోజులో పెద్దరికం మీద వేసుకొని నడిచే నడక గుర్తుందా? ఇరవై ఏళ్ళయినా దాటని పిల్ల నడక అది! మీనాకుమారి గొప్పనటి, కాదనను. అయినా నా ఓటు పార్వతికే.

1955లో 'మిస్సమ్మ'. మేరీ వేషం మొదట భానుమతిది. ఆమె తప్పుకున్నాక రెండో వేషానికి అనుకున్న సావిత్రి మొదటి వేషానికి వచ్చింది, రెండోది జమునకు పోయింది. ఉద్యోగం కోసం ఒకరి భార్యగా నటించాల్సిన పిల్ల మేరీ. నటిస్తున్నానన్న చిరాకును కూడా నటించాలి. ఆ ముఖంలో కోపం, దాని వెనకాల నవ్వు రెండూ ఒకేసారి కనిపిస్తాయి. అదే ఏడాది పి. పుల్లయ్య 'అర్ధాంగి'లో, అమాయకుడైన భర్తను మనిషిని చేసే ఇల్లాలు. అందులో సవతి అత్తగా ఎదురు నిలబడింది మన పక్క ప్రొద్దుటూరు బిడ్డ శాంతకుమారి. ఒకే సంవత్సరంలో ఇంత దూరపు పాత్రలు రెండు చేసినవాళ్ళకు పోటీ ఎవరని వెతకాలి.

ఇక 'మాయాబజార్'. 1957 మార్చి 27న విడుదల. దర్శకుడు కె.వి.రెడ్డిది తాడిపత్రి, నిర్మాతల్లో ఒకరైన నాగిరెడ్డిది పులివెందుల ప్రాంతం. ఆళ్ళగడ్డవాళ్ళకు ఇద్దరూ ఇరుగుపొరుగే. నా చిన్నతనంలో ఆళ్ళగడ్డ టూరింగ్ టాకీసులో ఆ బొమ్మ ఎన్నోసారి వచ్చినా నేల టికెట్టు దొరికేది కాదు. మా జేజి శశిరేఖను చూడటానికి పోయేది కాదు, మాయా శశిరేఖను చూడటానికి పోయేది. ఆ తేడా నాకు పెద్దయ్యాకగాని అర్థం కాలేదు. ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో వచ్చాడని కథ. అంటే సావిత్రి ఎస్.వి.రంగారావు కావాలి. ఆడపిల్ల ఒంట్లోంచి రాక్షసుడి ఠీవి బయటికి తన్నుకొస్తుంది, ఎవరో చూస్తున్నారనగానే మళ్ళీ సిగ్గుల మొలక అవుతుంది. గొంతు మార్చలేదు, వేషం మార్చలేదు. భుజం, మెడ, కనుబొమ మార్చింది. అంతే.

ఆ ఏడాది హిందీలో 'మదర్ ఇండియా' వచ్చింది. నర్గీస్‌కు ఫిలింఫేర్ బహుమతి, 1958లో కార్లోవీ వారీ చలనచిత్రోత్సవంలో ఉత్తమ నటి గౌరవం వచ్చాయి. న్యాయంగానే వచ్చాయి. కాడి భుజాన వేసుకొని మట్టిలో నిలబడిన ఆ తల్లి ముందు నవ్వించే పాత్రను నిలబెడితే న్యాయనిర్ణేతలు ఎప్పుడైనా తల్లికే వేస్తారు. ఏడిపించడం గొప్ప, నవ్వించడం తేలిక అన్న భ్రమ మనకు ఇప్పటికీ పోలేదు. ఈ పోటీలో సావిత్రి ఓడిపోయేదని నా అంచనా. అయితే ఆ ఓటమి తీర్పు చెప్పేవాళ్ళ అలవాటుది.

1960లో 'చివరకు మిగిలేది'. మతి చలించిన రోగులకు ప్రేమ నటించి నయం చేసే నర్సు చివరకు తానే మతి చెదిరి మిగిలే కథ. బెంగాలీలో సుచిత్రాసేన్, తర్వాత హిందీ 'ఖామోషీ'లో వహీదా రెహమాన్ చేసిన పాత్ర ఇది. మూడు భాషల్లో ముగ్గురు మహానటులు పందెం వేసుకున్నట్టు చేశారు. ఆ ఏటి హిందీ ఫిలింఫేర్ 'ఘూంఘట్'కు బీనారాయ్‌కి వెళ్ళింది. 'మొగల్-ఎ-ఆజం'లో మధుబాలకు కూడా రాలేదంటే చూసుకోండి! పోటీ ఉన్నచోటా న్యాయం జరుగుతుందన్న హామీ లేదని అందుకే అంటాను. నా మటుకు నాకు 1960 ముమ్మాటికీ సావిత్రిదే.

అన్నిటికీ సావిత్రికే ఓటేస్తే నన్ను న్యాయనిర్ణేత అనరు, వీరాభిమాని అంటారు. కాబట్టి 1963 సంగతి చెబుతాను. ఆ ఏడాది 'నర్తనశాల'లో సైరంధ్రి సావిత్రి, కీచకుడు రంగారావు. 1964లో జకార్తాలో జరిగిన ఆఫ్రో ఆసియా చిత్రోత్సవంలో రంగారావుకు ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. కీచకుడి కామం తెరమీద అంత భయం పుట్టించిందంటే, ఎదురుగా సైరంధ్రి కళ్ళల్లో ఆ భయం, దానికి మించిన తిరస్కారం ఉండబట్టే గదా! అయినా సరే, అదే ఏడు 'లవకుశ' వచ్చింది. ఊళ్ళకు ఊళ్ళు బండ్లు కట్టుకొని పోయి అంజలీదేవిని సీతమ్మగా చూసి వచ్చాయి. 1963 నేను అంజలీదేవికే ఇస్తాను. మా జేజి కూడా అదే మాట అనేది.

1964 వచ్చేసరికి నా ఊహలతో పనిలేదు, సాక్ష్యమే ఉంది. ఆదుర్తి సుబ్బారావు 'మూగమనసులు'లో జమీందారు బిడ్డ రాధ సావిత్రి, పల్లెపిల్ల గౌరి జమున. ఆ కథనే ఆదుర్తి 1967లో హిందీలో 'మిలన్'గా తీశారు. సావిత్రి పాత్ర నూతన్ వేసింది, గౌరిగా జమునే మళ్ళీ వేసింది. 1968 ఫిలింఫేర్ బహుమతుల్లో నూతన్ ఉత్తమ నటి, జమున ఉత్తమ సహాయ నటి. ఆ పాత్రలకు బహుమతి స్థాయి ఉందని బొంబాయి ఒప్పుకుంది. తెలుగులో వాటిని మొదట పోసిన అచ్చుకు మాత్రం అప్పటికి బహుమతే లేదు.

మన రాష్ట్ర ప్రభుత్వం 1964 నుంచి నంది బహుమతులు పెట్టింది. లేపాక్షి బసవన్న రూపం. మనది నవనందుల ఊరు కనుక ఆ పేరంటే మనకు కొంచెం మమకారం ఎక్కువ. తొలి బంగారు నంది 'డాక్టర్ చక్రవర్తి'కి వచ్చింది. అందులో నాయిక సావిత్రే. కానీ నంది చిత్రానికి, నటికి కాదు. నటీనటులకు నందులు 1970ల రెండో సగంలోగాని రాలేదు. దక్షిణాది నటీమణులకు ఫిలింఫేర్ బహుమతులూ 1970ల్లోనే.

కేంద్ర ప్రభుత్వం 1954 నుంచి చిత్రాలకు బహుమతులిస్తూ వచ్చింది. కె.వి.రెడ్డి 'పెద్దమనుషులు' తెలుగులో రాష్ట్రపతి రజత పతకం పొందింది. నటీనటులకు జాతీయ బహుమతి మాత్రం 1967 చిత్రాలతో మొదలైంది. తొలి ఉత్తమ నటి నర్గీస్, 'రాత్ ఔర్ దిన్'కు. మరుసటి ఏడే మన తెనాలి ఆడపడుచు శారద మలయాళ చిత్రం 'తులాభారం'తో గెలిచింది. తెలుగు చిత్రానికి ఆ గౌరవం 1978 నాటి 'నిమజ్జనం'తో, మళ్ళీ శారద వల్లే వచ్చింది. ఆ తలుపు తెరుచుకునే వేళకు సావిత్రి ఎక్కడుంది? మెగాఫోను పట్టుకొని కెమెరా వెనకాల ఉంది. 1968లో 'చిన్నారి పాపలు', ఆ తర్వాత 'మాతృదేవత', 'వింత సంసారం'. 'మూగమనసులు'నే తమిళంలో 'ప్రాప్తం'గా 1971లో తానే తీసి, తానే దర్శకత్వం వహించి నష్టపోయింది. దక్షిణాదిలో ఒక అగ్రనటి దర్శకురాలై వరుసగా చిత్రాలు తీయడం ఆ రోజుల్లో ఎంత సాహసమో మనం తలచుకోము. నష్టాన్నే తలచుకుంటాము.

తర్వాతి కథ అందరికీ తెలిసిందే. అప్పులు, పన్నుల బాధ, చెదిరిన కాపురం, మద్యం, జబ్బు. ఇచ్చిన చెయ్యి చాపాల్సి వచ్చింది. 1980 మేలో స్పృహ తప్పిన మనిషి పంతొమ్మిది నెలలు అలాగే ఉండి, 1981 డిసెంబరు 26న మద్రాసులో కన్నుమూసింది. అదే సంవత్సరం మేలో నర్గీస్ పోయింది. ఒకరిది బహుమతుల చరిత్రలో మొదటి పేరు, ఇంకొకరిది ఆ చరిత్రకు ముందు పేజీ.

2011లో తపాలా శాఖ అలనాటి కథానాయికల బిళ్ళలు వేసినప్పుడు దేవికారాణి, కానన్ దేవి, మీనాకుమారి, నూతన్, లీలా నాయుడుల వరసలో సావిత్రిని నిలిపింది. నేను ఊహించిన పోటీల్లో ఇద్దరు ఆ వరసలోనే ఉన్నారు. ఇక 2018 మేలో 'మహానటి' వచ్చింది. మహానందికి పోయే బస్సులోంచి ఆ పోస్టరు చూసి పేరు తప్పు చదివినవాళ్ళు మన ఊళ్ళో తక్కువేం కాదు. సావిత్రిగా నటించిన కీర్తి సురేష్‌కు 2019లో జాతీయ ఉత్తమ నటి బహుమతి ప్రకటించారు. ఆ అమ్మాయి కష్టానికి అది తగిన ఫలమే. కానీ ఆలోచించండి. సావిత్రిలా నడిచినందుకు, సావిత్రిలా కళ్ళు తిప్పినందుకు దేశం ఇచ్చిన బహుమతి, ఆ నడక నడిచిన మనిషికి ఇవ్వడానికి అప్పట్లో లేదు.

అయితే ఏమి, బహుమతి లేకపోయినా జనం గుండెల్లో ఉందిగదా అని ఒక మాట ఉంది. నాకు ఆ మాట సగమే నచ్చుతుంది. ఆళ్ళగడ్డ శిల్పి చెక్కిన విగ్రహం గుడిలో నిలబడ్డాక దాని కింద అతని పేరుండదు. మొక్కేవాళ్ళకు ఆ లోటు కనిపించదు. శిల్పి బిడ్డలకు కనిపిస్తుంది.

కొన్నేళ్ళ కిందట ఒక కళాశాలలో ఏకాంకిక పోటీలకు న్యాయనిర్ణేతగా పోయాను. ఉత్తమ నటుడికి కప్పు, దర్శకుడికి కప్పు, హాస్యనటుడికి సైతం కప్పు ఉంది. నటికి లేదు. ఆడపిల్లలు నాటకాలు ఎక్కడ వేస్తారులే అని ఎప్పుడో రాసిన జాబితా అది. ఆ రోజు తల్లి వేషం వేసిన రెండో సంవత్సరం విద్యార్థిని అందరికంటే బాగా చేసింది. మేము ముగ్గురం కూడబలుక్కొని ఒక తెల్ల కాగితం మీద ప్రత్యేక ప్రశంస అని రాసి, సంతకాలు చేసి ఇచ్చాం. ఆ పిల్ల దాన్ని రెండు చేతులా తీసుకుంది. మరుసటి ఏడు ఆమె నాటకం వేయలేదని విన్నాను. కప్పు లేనందుకే అని నేననను. లేనందుకు కాదని కూడా అనలేను.

విద్యార్థి మిత్రులారా, మార్కుల జాబితాలు, ర్యాంకులు, కప్పులు మీ వయసులో లోకమంతా తామే అయినట్టు కనిపిస్తాయి. ఆ జాబితాలో మీ పేరు లేకపోతే, ముందు ఆ జాబితా ఎప్పుడు పుట్టిందో, ఎవరి కోసం పుట్టిందో చూడండి. మీ విద్య రాసుకొనే గడి ఇంకా గీయలేదేమో! జాబితాలు రాసే పని మీ చేతికి వచ్చిననాడు, అంటే సంఘం ఎన్నికలు గెలిచి కార్యవర్గంలో కూర్చున్ననాడు, ఎవరి పేరు రాయడానికి గడి లేదో వెతికి ఆ గడి గీయండి. ఒక కప్పు ఖర్చు ఎంతని? ఈ ఏటి వార్షికోత్సవం నాటకాల పోటీలో ఉత్తమ నటికి సావిత్రి పేరిట ఒక కప్పు పెడితే, దాని వెల ఇచ్చుకోవడానికి ఈ పూర్వవిద్యార్థి సిద్ధంగా ఉన్నాడని సంఘం కార్యదర్శికి ఇందుమూలంగా తెలియజేస్తున్నాను.