ఎరువు సొమ్ము కథ రాసిన గుమాస్తా

పదో తరగతి సీబీఎస్‌ఈ పిల్లలు చదువుకున్న ఇళ్లలో ‘నెక్లెస్’ కథ చాలామందికి తెలిసే ఉంటుంది. ఎరువు తెచ్చిన నగ పోతే మిగిలేది అప్పులేనని మన పెద్దలు సామెతలో చెప్పారు. అదే సంగతిని కథగా రాసిన ఫ్రెంచి రచయిత గీ ద మొపాసా.

ఆయన 1850 ఆగస్టు 5న నార్మండీ ప్రాంతంలో పుట్టారు. పేరులోని ఆ ‘ద’ పెద్దింటివాళ్లమని చెప్పుకొనే గుర్తు. తల్లి లోర్ పట్టుబట్టడం వల్లే తండ్రి పెళ్లికి ముందు దాన్ని అధికారికంగా పేరులో చేర్పించుకున్నారని అంటారు. ఇంతా చేస్తే ఆ కాపురం నిలవలేదు. భర్త తిరుగుళ్లు భరించలేక ఆమె కొడుకులిద్దరినీ తీసుకుని వేరుగా ఉన్నారు. విడాకుల మాటే లేదు. 1816లో రద్దయిన ఆ హక్కు మళ్లీ 1884లో గానీ రాలేదు. భార్య భర్తకు లోబడి ఉండాలన్నది అక్కడి చట్టం. ఇక ఆడపిల్ల పై మెట్టు ఎక్కాలంటే కట్నం, అందం, వేషం తప్ప ఏముంది?

ప్రష్యా యుద్ధంలో పనిచేసి వచ్చాక, 1872లో మొపాసా పారిస్‌లో నౌకాదళ, వలసల మంత్రిత్వ శాఖలో మొదట జీతం లేకుండానే చేరారు. యానాం పాఠకులకు ఒక మాట: ఆ రోజుల్లో మీ ఊరు కూడా ఆ శాఖ కిందిదే. 1878లో విద్యాశాఖకు మారారు. తల్లికి చిన్ననాటి స్నేహితుడైన ఫ్లోబేర్ ఆయన రాతలు దిద్దేవారు. స్తోమతకు మించిన కోరికలతో అప్పుల్లో కూరుకుపోయిన వైద్యుడి భార్య కథ ‘మదాం బొవారీ’ రాసింది ఈయనే. 1880లో ‘బూల్ ద స్వీఫ్’తో శిష్యుడికి పేరొచ్చింది, కొన్ని వారాలకే గురువు పోయారు.

‘నెక్లెస్’ 1884 ఫిబ్రవరిలో ‘ల గోలువా’ పత్రికలో వచ్చింది. మతిల్డ్ భర్త కూడా విద్యాశాఖ గుమాస్తానే. తుపాకీ కొనుక్కుందామని దాచుకున్న 400 ఫ్రాంకులు ఆమె గౌనుకు ఇచ్చేస్తాడు. గుమాస్తాగిరీ చేసినవాణ్ని కనుక నాకు ఆ తుపాకీయే ఎక్కువ గుర్తుంటుంది. స్నేహితురాలి దగ్గర తెచ్చిన నగ పోతుంది. బదులుగా 36,000 పెట్టి వజ్రాల నగ కొనిచ్చి, పదేళ్లు అప్పు తీరుస్తారు. అసలుది 500 కూడా మించని నకిలీ. ఆడవాళ్ల డాబును ఎగతాళి చేశారని కొందరంటారు. నాకలా తోచదు. ఆ పదేళ్లూ అంట్లు తోమి, నీళ్లు మోసి, పైసా పైసాకు బేరమాడి అప్పు తీర్చింది మతిల్డే కదా!

పేరొచ్చాక మొపాసా కూడా గొప్పింటి ఆడవాళ్ల విందుల్లో తిరిగారు, ఓడ కొన్నారు. దాదాపు మూడు వందల కథలు, ఆరు నవలలు రాశారు. కానీ సిఫిలిస్ మెదడుకెక్కింది. తమ్ముడు 1889లో పిచ్చాసుపత్రిలో పోయాడు. 1892 జనవరిలో ఆత్మహత్యకు ప్రయత్నించిన మొపాసాను కూడా పారిస్‌లో అలాంటి ఆసుపత్రిలోనే చేర్చారు. 1893 జూలై 6న అక్కడే కన్నుమూశారు. 43 ఏళ్లు కూడా నిండలేదు. తల్లి లోర్ ఆ తర్వాత మరో పదేళ్లు బతికారు.