జాన్ పోస్టెల్

జోనథన్ బ్రూస్ పోస్టెల్ (1943 ఆగష్టు 6 - 1998 అక్టోబరు 16) అమెరికాకు చెందిన కంప్యూటరు శాస్త్రవేత్త. అంతర్జాలం అంకురించిన నాటినుండి దాదాపు ముప్పై ఏళ్ళపాటు దాని సంఖ్యలు, పేర్లు, ప్రమాణ పత్రాలు ఈయన పర్యవేక్షణలో నడిచాయి. ఒక డొమైన్ పేరుకు బాధ్యులెవరో ఎవరైనా వెతికి తెలుసుకోగల హూఈజ్ పట్టికను ఈయన తయారు చేయలేదు గాని, ప్రతి పేరు వెనుక జవాబు చెప్పే మనిషి ఒకరుండాలన్న నియమాన్ని వ్రాతలో పెట్టినవారిలో ఈయన ముఖ్యుడు. ఆ మనిషి ఇంటి చిరునామా లోకమంతటికీ కనబడవలెనా అన్న వివాదం మాత్రం ఈయన మరణానంతరమే ముదిరింది.

బాల్యం, విద్య

పోస్టెల్ కాలిఫోర్నియా రాష్ట్రంలోని ఆల్టడీనాలో జన్మించాడు. లాస్ ఏంజెలస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుండి 1966లో ఇంజనీరింగు పట్టా, 1968లో స్నాతకోత్తర పట్టా, 1974లో కంప్యూటరు శాస్త్రంలో డాక్టరేటు పొందాడు. విద్యార్థిగా ఉండగానే, లియొనార్డ్ క్లైన్‌రాక్ నడిపిన ప్రయోగశాలలో స్టీవ్ క్రాకర్, వింట్ సెర్ఫ్‌లతో కలిసి ఆర్పానెట్ పనిలో పాల్గొన్నాడు. అంతర్జాలానికి పూర్వరూపం ఆర్పానెట్టే. ఈ ముగ్గురూ వాన్ నైస్ ఉన్నత పాఠశాల పూర్వ విద్యార్థులే కావడం విశేషం.

పట్టికల నిర్వహణ

1969లో క్రాకర్ ఆరంభించిన ఆర్.ఎఫ్.సి. పత్రాలకు పోస్టెల్ సంపాదకుడై, కడవరకూ ఆ పని చేశాడు. రెండు కంప్యూటర్లు మాట్లాడుకోవాలంటే ఏ సేవకు ఏ సంఖ్య అన్నది ముందే కుదరాలి. ఆ సంఖ్యలను ఒకరే కేటాయిస్తే గందరగోళం ఉండదని 1972 మే నెలలో ఒక పత్రంలో ప్రతిపాదించాడు. ఆ పని ఆయనకే దక్కింది. 1977లో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన ఇన్ఫర్మేషన్ సైన్సెస్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరి, జీవితాంతం అక్కడే ఉన్నాడు. ఆయన చేసిన ఈ కేటాయింపుల పనికే తరువాత ఐయానా అనే పేరు స్థిరపడింది. పొడవాటి గడ్డంతో, చెప్పులు తొడుక్కొని తిరిగే ఈ మనిషి చేతిలో అంతటి వ్యవస్థ ఉన్నదంటే కొత్తవారు నమ్మేవారు కారు.

1981 సెప్టెంబరులో వెలువడిన ఐ.పి., టి.సి.పి. ప్రమాణాలకు ఆయనే సంపాదకుడు. ఈ-మెయిలు పంపే ఎస్.ఎం.టి.పి. విధానాన్ని 1982లో వ్రాశాడు. ఆయన కోరికపైనే పాల్ మోకాపెట్రిస్ 1983లో డొమైన్ నామ వ్యవస్థను రూపొందించాడు.

హూఈజ్, బాధ్యుల వివరాలు

హూఈజ్ అంటే ఎవరు అని అర్థం. మెన్లో పార్కులోని ఎస్.ఆర్.ఐ. సంస్థలో ఎలిజబెత్ ఫైన్లర్ నడిపిన సమాచార కేంద్రం ఈ సేవను నిర్వహించేది. కెన్ హారెన్‌స్టీన్, విక్ వైట్ 1982 మార్చిలో దీని విధానాన్ని ప్రకటించారు. 43వ పోర్టుకు ఒక పేరు పంపితే, ఆ మనిషి పూర్తి పేరు, తపాలా చిరునామా, ఫోను నంబరు, ఈ-మెయిలు తిరిగి వచ్చేవి. అడిగిందెవరో ఆ విధానం అడగదు. ఆనాటి వినియోగదారులు పరిశోధకులు, సైనిక సిబ్బంది మాత్రమే. ఏదైనా యంత్రం మొరాయిస్తే ఎవరికి ఫోను చేయాలో తెలియడమే ఆ పట్టిక ప్రయోజనం. పల్లెలో కరణం దస్త్రంలా, అందులో వ్రాసిన సంగతి అందరికీ ముందే తెలిసినదే కనుక దాపరికం ప్రశ్న పుట్టలేదు.

1984 అక్టోబరులో జాయిస్ రెనాల్డ్స్‌తో కలిసి పోస్టెల్ వ్రాసిన పత్రం, డొమైన్ కోరేవారు బాధ్యుడైన ఒక వ్యక్తిని చూపాలని నిర్దేశించింది. 1994 మార్చిలో వెలువడిన 1591వ పత్రం ఈ భావనను మరింత స్పష్టం చేసింది. దాని ప్రకారం ఉన్నతస్థాయి డొమైన్ నిర్వాహకుడు యజమాని కాదు, ధర్మకర్త. దేవాలయ ధర్మకర్తకు మాన్యం భూమిపై సొంత హక్కు లేనట్లే, ఇతడికీ సేవాధర్మమే గాని స్వామ్యం లేదు. పరిపాలనకొకరు, సాంకేతిక విషయాలకొకరు సంప్రదింపుకు ఉండాలి. ఏది దేశమో తాను తేల్చకుండా, దేశాల సంకేతాలను అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ జాబితానుండి తీసుకోవడం ఆయన వివేకానికి నిదర్శనం.

అయితే కాలం మారింది. 1993 నుండి పేర్ల నమోదు నెట్‌వర్క్ సొల్యూషన్స్ అనే వ్యాపార సంస్థ చేతికి వచ్చింది. 1995 సెప్టెంబరులో రెండేళ్ళకు వంద డాలర్ల రుసుము విధించారు. పేరు కొనుక్కునే వస్తువయింది, ధర్మకర్త స్థానంలో యజమాని వచ్చి కూర్చున్నాడు. పట్టిక మాత్రం పాత పద్ధతిలోనే అందరికీ తెరచి ఉండిపోయింది.

1998 ఘటనలు

1998 జనవరి 28న పోస్టెల్ ఎనిమిది మూల సర్వర్ల నిర్వాహకులకు ఈ-మెయిలు పంపి, నెట్‌వర్క్ సొల్యూషన్స్ యంత్రానికి బదులు తన సంస్థలోని యంత్రంనుండి జాబితా తీసుకోమన్నాడు. వారు అట్లే చేశారు. వైట్‌హౌస్ సలహాదారు ఇరా మాగజినర్ అభ్యంతరం చెప్పడంతో పాత స్థితిని పునరుద్ధరించి, అది ఒక పరీక్ష మాత్రమేనని పోస్టెల్ వివరణ ఇచ్చాడు. ఆ వివరణను నమ్మనివారూ ఉన్నారు. ఒక్క మనిషిపై నమ్మకంతో నడిచే ఏర్పాటు ఇక సాగదని మాత్రం అందరికీ తేటతెల్లమయింది. అదే సంవత్సరం సెప్టెంబరు 30న ఐకాన్ సంస్థ ఏర్పడింది. దాని రూపకల్పనలో పోస్టెల్ పాత్ర ప్రధానమైనది. పక్షం రోజులు దాటగానే, గుండె శస్త్రచికిత్స అనంతర సమస్యలతో లాస్ ఏంజెలస్‌లో కన్నుమూశాడు.

మరణానంతరం

ఐకాన్ పాలనలో నమోదుదారుల పేరు, చిరునామా, ఫోను బహిరంగంగా ఉంచడం ఒప్పంద షరతుగా కొనసాగింది. ఇంట్లో కూర్చుని చిన్న సైటు నడుపుకునే గృహిణికీ, పెద్ద సంస్థకూ ఒకే నియమం. ఆ వివరాలను ఏరుకొని అయాచిత మెయిళ్ళు, మోసపు ఉత్తరాలు పంపేవారు బయలుదేరారు. తన పేరుకు బదులు మధ్యవర్తి సంస్థ పేరు చూపించే చాటు సేవలు రుసుముకు లభించాయి. చాలామంది తప్పుడు చిరునామాలు వ్రాశారు. మరోవైపు మోసగాళ్ళను వెదికే పోలీసులకు, భద్రతా పరిశోధకులకు, వ్యాపార చిహ్నాల హక్కుదారులకు ఈ పట్టికే ఆధారం. వీరి వాదనను తేలికగా కొట్టివేయలేము.

2018 మే 25న ఐరోపా సమాఖ్య వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం అమలులోకి రాగా, అంతకు వారం ముందే ఐకాన్ తాత్కాలిక నిబంధన తెచ్చింది. నాటినుండి .కామ్ వంటి సాధారణ డొమైన్ల విషయంలో వ్యక్తుల వివరాలు చాలావరకు కప్పివేస్తున్నారు. తగిన కారణం చూపి నమోదు సంస్థను అడగాలి. దేశాల డొమైన్లకు ఆయా దేశాల నియమాలే వర్తిస్తాయి. అడిగినవారెవరో గుర్తించి, తదనుగుణంగా సమాధానమివ్వగల ఆర్.డి.ఎ.పి. అనే కొత్త విధానం వచ్చింది. సాధారణ డొమైన్లకు పాత హూఈజ్ సేవను తప్పనిసరిగా నడపాలన్న షరతు 2025 జనవరి 28న ముగిసింది. పోస్టెల్ ఆ ఈ-మెయిలు పంపిన తేదీ కూడా అదే కావడం కాకతాళీయం.

గుర్తింపు

వింట్ సెర్ఫ్ వ్రాసిన సంతాప వ్యాసం 2468వ ఆర్.ఎఫ్.సి.గా 1998 అక్టోబరులో వెలువడింది. ఇంటర్నెట్ సొసైటీ ఆయన పేరిట నెలకొల్పిన పురస్కారాన్ని 1999లో తొలిసారిగా ఆయనకే ప్రకటించారు. 2012లో ఇంటర్నెట్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయనకు స్థానం లభించింది.