రోజుకి రెండు గంటలు

సెకండియర్ మొదట్లో నాకు మూత్రంలో ప్రొటీన్ పోయే కిడ్నీ జబ్బు వచ్చింది. డాక్టర్ గారు ప్రెడ్నిసొలోన్ రాశారు. రెండు నెలలు తిరిగేసరికి కాళ్ళ వాపులు తగ్గాయి గానీ ముఖం గుండ్రంగా ఉబ్బిపోయింది. హాస్టల్లో నా పేరు పూరీ అయింది. అర్ధరాత్రి ఆకలి, నిద్ర పట్టదు, ఊరికే కోపం. అద్దం చూసుకోలేక ఒకరోజు ఎవరికీ చెప్పకుండా మాత్రలు మానేశాను. నాలుగో రోజు వాంతులు, నీరసం. బాత్రూమ్ దగ్గర కళ్ళు తిరిగి పడిపోతే రూమ్మేటే ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాడు.

ఆ సెలవుల్లో ఇంట్లో పడుకుని ఉంటే మా అక్క ఒక కథల పుస్తకం చేతిలో పెట్టింది. రాసినావిడ అమెరికా రచయిత్రి ఫ్లానరీ ఓకానర్. కథలకంటే ముందు రచయిత్రి పరిచయం చదివాను. ముప్ఫై తొమ్మిదేళ్ళకే లూపస్‌తో పోయిందట. ఏళ్ళ తరబడి ఆవిడా ఇలాంటి మందుల మీదే బతికింది. ఆ తర్వాత ఆవిడ గురించి దొరికిందల్లా చదివాను.

ఫ్లానరీ 1925 మార్చి 25న జార్జియా రాష్ట్రంలోని సవానాలో పుట్టింది. ఒక్కతే కూతురు. చిన్నప్పుడు ఆమె దగ్గర వెనక్కి నడిచే కోడి ఒకటి ఉండేది. దాన్ని చూడటానికి సినిమా హాళ్ళలో వేసే న్యూస్‌రీల్ వాళ్ళు వచ్చి చిత్రీకరించుకుని వెళ్ళారు. పక్షుల పిచ్చి ఆమెకి చివరిదాకా పోలేదు.

పదిహేనేళ్ళప్పుడు, 1941లో, తండ్రి లూపస్‌తో చనిపోయాడు. మన ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే ఒంటి మీద దాడికి దిగే జబ్బు అది. అప్పటికి దానికి సరైన మందు లేదు. ఫ్లానరీ డిగ్రీ అయ్యాక అయోవా యూనివర్సిటీలో రచన నేర్చుకుంది. తర్వాత కనెటికట్‌లో స్నేహితుల ఇంట్లో ఉంటూ మొదటి నవల రాస్తోంది. 1950 డిసెంబర్లో చేతులు బరువెక్కి టైపు చెయ్యడం కష్టమైంది. క్రిస్మస్‌కి ఇంటికి బయల్దేరిన మనిషి, రైల్లోనే జబ్బు ముదిరి దిగింది.

తండ్రి జబ్బే కూతురికీ వచ్చింది. తల్లి రెజీనాకి ఆ సంగతి తెలిసినా కీళ్ళవాతమనే చెప్పింది. భర్తని ఆ జబ్బుతోనే పోగొట్టుకున్న మనిషి, కూతురికి ఆ పేరు ఎలా చెబుతుంది? 1952లో స్నేహితురాలు శాలీ ఫిట్జెరాల్డ్ చెప్పేదాకా ఫ్లానరీకి అసలు విషయం తెలియదు.

తండ్రికి దొరకనిది ఆమెకి దొరికింది. 1948లో మేయో క్లినిక్‌లో కార్టిసోన్‌ని మొదటిసారి కీళ్ళవాతం రోగికి ఇచ్చారు. 1950లో ఆ పరిశోధనకి నోబెల్ వచ్చింది. ఫ్లానరీకి ఇచ్చింది ఏసీటీహెచ్ అనే హార్మోన్. పందుల పిట్యూటరీ గ్రంథుల నుంచి తీసేవాళ్ళు. అది కిడ్నీల మీదుండే అడ్రినల్ గ్రంథుల చేత కార్టిసాల్ ఎక్కువ తయారు చేయిస్తుంది. ఆ ఇంజెక్షన్లు తనకి తనే చేసుకోవడం నేర్చుకుంది.

ప్రాణం నిలబడింది. కానీ ముఖం ఉబ్బింది. జ్వరాలకి జుట్టు రాలింది. ఉప్పు లేని తిండి. 1953లో తన బొమ్మ తనే వేసుకుంది. తలమీద గడ్డి టోపీ, పక్కన ఫెజెంట్ పక్షి, సూటిగా చూసే కళ్ళు. ముఖాన్ని అందంగా దిద్దుకునే ప్రయత్నమేమీ కనిపించదు. నేనైతే ఆ ఏడాది ఒక్క సెల్ఫీ కూడా తీసుకోలేదు.

మిల్లెడ్జ్‌విల్ దగ్గర తల్లి నడిపే పాల డెయిరీ ఫారం, ఆండలూసియా, ఆమె ఇల్లయింది. మెట్లెక్కలేదు కాబట్టి కింది గదిలోనే మంచం, టైపురైటర్. ఒంట్లో ఉన్న శక్తి రోజుకి రెండు మూడు గంటలకే సరిపోయేది. ఆ గంటల్ని పొద్దున్నే రాతకి కేటాయించింది. మిగిలిన రోజంతా ఉత్తరాలు, విశ్రాంతి, నెమళ్ళు. 1952లో మొదటి నవల, 1955లో కథల సంపుటి, 1960లో రెండో నవల వచ్చాయి.

1955 నాటికి చంకల్లో కర్రలు వచ్చాయి. తుంటి ఎముక దెబ్బతింది. 1960 చివర్లో అట్లాంటా ఆసుపత్రిలో పరీక్షలు చేశారు. దవడ ఎముకా పాడవుతోందని, పదేళ్ళుగా వాడుతున్న స్టెరాయిడ్లే కారణం కావచ్చని తేలింది. మెల్లగా మందు తగ్గించి చూడాలనుకున్నారు. తగ్గించడం కుదరకపోతే, కీళ్ళ నొప్పితో బతికుండటమే మేలన్నది డాక్టర్ లెక్క. తుంటికి ఆపరేషన్ మాట వచ్చినా లూపస్ తిరగబెడుతుందన్న భయంతో వద్దన్నారు.

ఆ భయం ఉత్తిది కాదు. 1964 ఫిబ్రవరిలో గర్భాశయంలో గడ్డకి ఆపరేషన్ తప్పలేదు. లూపస్ తిరగబెట్టింది. ఆసుపత్రిలో కాగితాలు దిండు కింద దాచుకుని మరీ ఆఖరి కథలు పూర్తి చేసింది. ఆగస్టు 3న కిడ్నీలు పనిచెయ్యక చనిపోయింది. ఆ కథలు మరుసటి ఏడాది పుస్తకంగా వచ్చాయి. 1972లో ఆమె కథలన్నీ కలిపిన సంపుటికి నేషనల్ బుక్ అవార్డు వచ్చింది.

ఈ జీవితం చదివాక నేను చేసిన తప్పేంటో అర్థమైంది. కంట్రోల్ సిస్టమ్స్ చదివినవాళ్ళకి ఇది తేలిక. బయటి నుంచి స్టెరాయిడ్ వస్తుంటే ఫీడ్‌బ్యాక్ లూప్ అడ్రినల్స్‌కి ఇక పని లేదని చెబుతుంది. అవి నిద్రపోతాయి. హఠాత్తుగా మందు ఆపితే ఒంట్లో కార్టిసాల్ చేసేవాళ్ళే ఉండరు. నన్ను బాత్రూమ్ దగ్గర పడేసింది అదే. తగ్గించాలంటే డాక్టర్ చెప్పినట్టు మెట్టు మెట్టుగా దిగాలి. నా ముఖం మీద కోపంతో నేను ప్రాణం మీదకి తెచ్చుకున్నాను.

ఫ్లానరీకి మందు చేస్తున్న మేలూ తెలుసు, కీడూ తెలుసు. రెంటినీ డాక్టర్ ముందే పెట్టింది. మిగిలిన రెండు గంటల్ని మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. నేనూ ఈసారి మొహమాటపడకుండా నిద్ర, కోపం, తుంటి దగ్గర నొప్పి, అన్నీ చెప్పాను. ఎమ్మారై తీయించారు, ఎముకకి ఏమీ కాలేదు. ఒక బ్యాక్‌లాగ్ మిగిలింది. దానికి పొద్దున్నే రెండు గంటలు పెట్టుకున్నాను.

ఇప్పుడు ఐదు మిల్లీగ్రాములకి దిగాను. ముఖం పాత ఆకారానికి వచ్చేసింది. పేరు మాత్రం ఇంకా పూరీయే. పిలిస్తే పలుకుతున్నాను.